బొంత మీద పేరు



నాలుగైదు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే పత్రికలవాళ్ళు ఏమంటారో మీకు తెలుసు. ‘అతుకుల బొంత’ అంటారు. ఎవరైనా పొంతన లేకుండా ఉపన్యాసం ఇస్తే అదీ అతుకుల బొంతే. ఇవాళో రేపో ఊడిపోయేదీ, చూడ్డానికి బాగుండనిదీ అని ఆ మాటకి అర్థం. ఆ మాట మొదట అన్న పెద్దమనిషి ఎవరో గాని, ఆయన బొంత కప్పుకుని ఉంటాడే తప్ప కుట్టి ఉండడు. కుట్టినవాళ్ళకి తెలుసు, బొంతకి బలమంతా అతుకులోనే ఉందని. చిరిగినచోట ఇంకో ముక్క వేస్తాం. ఆ చోటు మునుపటికన్నా గట్టిపడుతుంది.

ఇవాళ ఆ బొంత గురించే మీతో నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. రాజుల చరిత్ర, యుద్ధాల చరిత్ర మనం బళ్ళో చదువుకున్నాం. మన మంచం మీద మడతపెట్టి ఉన్న బొంతకీ ఓ చరిత్ర ఉంది. అందులో మన ఊళ్ళున్నాయి, సముద్రాలున్నాయి, చట్టాలున్నాయి. లేనిదల్లా ఒక్కటే, కుట్టినావిడ పేరు.

నాకీ ధ్యాస ఎలా పట్టుకుందో ముందు చెప్తాను.

మేముండేది చంపాపేటలో. మా పక్కింటి వదినగారి తల్లి కాలం చేసి ఏడాది తిరిగాక, పుట్టింటినుంచి ఆవిడ పెట్టె ఒకటి ఈవిడ వాటాకి వచ్చింది. నిండా మెత్తబడిపోయిన నేత చీరలు, తండ్రిగారి పంచెలు నాలుగు, అడుగున ఓ పాత బొంత. మనలో చాలామంది చేసే పనే వదినగారూ చెయ్యబోయారు. పాతబట్టలు తీసుకుని స్టీలు సామాన్లు ఇచ్చే అతను వీధిలో కేకేస్తే పిలిచారు. అతను చీరలన్నీ ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి, ఓ మూతగిన్నె ఇస్తానన్నాడు. బొంత మాత్రం ఇలా ఎత్తి చూసి, ‘ఇది నాకెందుకమ్మా’ అని పక్కన పడేశాడు. వదినగారికి ఆ మాట ఎక్కడ తగిలిందో తగిలింది. గిన్నె అతనికి తిరిగిచ్చేసి, చీరలు, బొంత అన్నీ ఎత్తుకుని లోపలికి వచ్చేశారు.

ఆ మర్నాడు బొంత ఓ మూల చిరిగిందని బాగుచెయ్యడానికి కూర్చున్నాం. అంచు కుట్లు విప్పి చూద్దుము కదా, లోపల ఇంకో బొంత! దాన్నే మధ్యలో పొరగా పెట్టి, పైనా కిందా కొత్త ముక్కలు వేసి కుట్టారన్నమాట. పై బొంతలో మిల్లు గుడ్డల పూలముక్కలు. లోపలి దాంట్లో ముతక నేతగుడ్డ, ఒకప్పుడు నీలమేనేమో, ఇప్పుడు వాన వెలిసిన ఆకాశంలాగా ఉంది. కుట్టు మాత్రం బియ్యపు గింజలు వరసగా పేర్చినట్టు, ఒక్కటి పక్కకి పోలేదు.

‘ఎవరు కుట్టారండీ?’ అన్నాను.

‘తెలీదు. మా అమ్మమ్మ అయి ఉండాలి. కాకపోతే వాళ్ళ అత్తగారు. చెప్పేవాళ్ళు ఎవరూ మిగల్లేదు’ అన్నారు వదినగారు.

మా మేడమీద టీచరుగారున్నారు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఆవిడ వచ్చి ఆ రెండు బొంతల్నీ చాలాసేపు తడిమి చూసి, ‘ఇది మీ వంశవృక్షమమ్మా. పేర్లు రాయడం మర్చిపోయారు, అంతే’ అన్నారు. అదిగో, అప్పట్నుంచీ ఆవిణ్ణి అడిగీ, పుస్తకాలు తెచ్చుకునీ నేను తెలుసుకున్నవే ఇవి.

బొంతకి మన దేశంలో ఉన్న పాత లెక్క బౌద్ధ భిక్షువుల దగ్గర దొరుకుతుంది. వాళ్ళ నియమాలు చెప్పే వినయపిటకంలో మహావగ్గమని ఒక భాగం ఉంది. అందులో చీవరాల గురించి, అంటే వాళ్ళు కట్టుకునే బట్టల గురించి ఓ అధ్యాయమే ఉంది. బుద్ధుడు మగధదేశంలో పోతూ పోతూ, గట్లు వేసి మళ్ళుమళ్ళుగా ఉన్న పొలాల్ని ఆనందుడికి చూపించి, చీవరాన్ని ఇలా కుట్టగలవా అని అడిగాడట. ఆనందుడు ముక్కలు కోసి, మధ్యలో గట్లలా పట్టీలు వేసి, పొలంలాగే కుట్టి చూపించాడు. ముక్కలు చేసిన గుడ్డకి దొంగల భయం ఉండదు, కట్టుకున్నవాడికి గుడ్డ మీద మోజూ ఉండదు. నేటికీ బౌద్ధ భిక్షువుల బట్ట ఆ పొలం నమూనాలోనే ఉంటుంది. అతుకుల బొంతని వెక్కిరించేవాళ్ళకి ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

ఆ అధ్యాయంలో మన వంటింటికి నచ్చే సంగతి ఇంకోటుంది. మొదట్లో భిక్షువులు పేడతోనూ, పచ్చమట్టితోనూ రంగు వేసుకునేవారు. అది సరిగ్గా రాక, ఆరు రకాల రంగులకి అనుమతి దొరికింది. వేరు, మాను, బెరడు, ఆకు, పువ్వు, కాయ. రంగు ఉడికిందో లేదో తెలియాలంటే ఓ చుక్క నీళ్ళలో వేసి గాని, గోటి మీద వేసి గాని చూడమని కూడా ఉంది. పాకం పట్టేటప్పుడు మనం నీళ్ళలో చుక్క వేసి చూడమూ? అదే విద్య. చెట్టు రంగులద్దిన ముక్కల గుడ్డ మనకి అంత పాతదన్నమాట.

అదెక్కడో మగధ సంగతి, మనకేమిటి అంటారేమో. మా చంపాపేటకి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, దిల్‌సుఖ్‌నగర్ పక్కన చైతన్యపురి ఉంది. అక్కడ మూసీ ఒడ్డున నరసింహస్వామి గుడి దగ్గర బండరాతి మీద ప్రాకృతభాషలో, బ్రాహ్మీ లిపిలో ఓ శాసనం ఉంది. సుమారు 4, 5 శతాబ్దాల నాటిది. గోవిందరాజ విహారమనే బౌద్ధ విహారం గురించీ, భిక్షువులకి కట్టించిన నివాసం గురించీ అది చెబుతుంది. మనం కూరగాయలకీ, చీరలకీ తిరిగే ఆ చోట్లలోనే పదిహేను వందల ఏళ్ళ కిందట అతుకుల బట్ట కట్టుకున్నవాళ్ళు తిరిగారన్నమాట. ఆ తరవాత కాలంలోనూ ఆ గౌరవం పోలేదు. భజగోవిందంలో వీధిలో పడిన పేలికలతో కుట్టిన కంథ కప్పుకున్న యోగి కనిపిస్తాడు. కంథ అన్నా మన బొంత అన్నా ఒకటే.

ఇక రంగుల సంగతి. మనకి గోలకొండ అనగానే కోట, వజ్రాలు గుర్తొస్తాయి. గోలకొండ రాజ్యానికి వజ్రాలతోపాటు రంగుగుడ్డలు కూడా పెద్ద సంపదే. ఆ రాజ్యానికి రేవు మచిలీపట్నం. ఆ గుడ్డల కోసమే పదిహేడో శతాబ్దం మొదట్లో డచ్చివాళ్ళూ, 1611లో ఇంగ్లీషువాళ్ళూ అక్కడికి వచ్చి కొట్లు తెరిచారు. ఇక్కడ గుడ్డలు కొని జావా, సుమత్రా దీవులకి తీసుకుపోతే అక్కడివాళ్ళు మిరియాలు, లవంగాలు ఇచ్చేవాళ్ళు. డబ్బుకన్నా మన గుడ్డ బాగా చెల్లిందన్నమాట. 1618 నుంచి 1622 దాకా మచిలీపట్నంలో ఉన్న విలియం మెథ్వోల్డ్ అనే ఇంగ్లీషాయన గోలకొండ రాజ్యం గురించి రాసిన వివరాల్లో ఈ రంగుల సంగతి కూడా ఉంది.

ఆ ఎరుపు చిరివేరుది. సముద్రతీరపు ఇసకనేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు. దాని మర్మం మీకు విప్పి చెప్తాను, మనకీ పనికొస్తుంది. నూలుగుడ్డకి వేరు రంగు ఊరికే అంటుకోదు, ఉతికితే పోతుంది. అందుకని ముందు గుడ్డని కరక్కాయ రసంలోనూ పాలలోనూ ముంచి ఆరేస్తారు. కరక్కాయలోని వగరు రంగుని పట్టి ఉంచుతుంది, పాలలోని జిడ్డు గీసిన గీత పాకిపోకుండా ఆపుతుంది. ఎరుపు కావలసినచోట పటికనీళ్ళు పూస్తారు. నలుపు కావలసినచోట తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్ళు పూస్తారు. పటిక పూసిన చోట కంటికేమీ కనపడదు. అప్పుడు గుడ్డని వేరు ఉడికే కాగులో వేస్తే పటిక ఉన్నచోట ఎర్రగానూ, ఇనుము ఉన్నచోట నల్లగానూ తేలుతుంది. కాగు ఒకటే, రంగులు రెండు! నీలానికి మళ్ళీ వేరే పద్ధతి. నీలం వద్దనుకున్న చోటల్లా మైనం పూసి నీలిమందు తొట్టిలో ముంచేవారు. ఇన్ని పనులు, ఇన్ని ఉతుకులు, ఇన్ని ఎండలు తిన్న గుడ్డ గనక అది చిరిగేదే గాని వెలిసేది కాదు.

ఆ రోజుల్లో యూరపు వాళ్ళకి ఉతికినా పోని ఇలాంటి పూలగుడ్డలు చెయ్యడం చేతకాలేదు. అంచేత ఎగబడి కొనుక్కున్నారు. మనం పూలగుడ్డని చీటిగుడ్డ అనేవాళ్ళం కదా, వాళ్ళకది ‘చింట్జ్’ అయింది. మంచం మీద పరిచే పలంగ్‌పోష్ వాళ్ళ నోట్లో ‘పాలంపోర్’ అయింది. మధ్యలో చెట్టు, దాని నిండా పూలు, పిట్టలు రాసిన ఆ పెద్ద దుప్పట్లు ఇప్పటికీ లండన్‌లో విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. చలిదేశం కాబట్టి మన పూలగుడ్డల్ని అస్తరు వేసి, మధ్యలో దూది నింపి బొంతల్లా కుట్టించుకునేవారు. గుడ్డ పాతబడితే అందులో పూలూ పిట్టలూ కత్తిరించి, తెల్లగుడ్డ మీద అతికించి కుట్టేవారు. పద్దెనిమిదో శతాబ్దం చివర ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఇది ఆడవాళ్ళకి ఇష్టమైన పని. మొదట్లో మన తీరపు గుడ్డలతోనూ, తరవాత వాటిని చూసి వాళ్ళు అచ్చువేసుకున్న గుడ్డలతోనూ చేశారు. ఆ కుట్టుకి తరవాతివాళ్ళు ‘పర్షియా కుట్టు’ అని అర్థం వచ్చే ఫ్రెంచి పేరు పెట్టారు. గుడ్డ మనది, పేరు పర్షియాది!

ఈ మోజు అక్కడి నేతవాళ్ళ పొట్ట కొట్టింది. ఫ్రాన్సులో 1686లో మన గుడ్డల్ని నిషేధించి, 1759 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. ఇంగ్లండులో 1700లో ఒక చట్టం, చాలక 1721లో ఇంకో చట్టం చేశారు. మధ్యలో 1719లో లండన్‌లో ఏం జరిగిందో విన్నారా? పట్టునేతవాళ్ళు గుంపులుగా వీధుల్లో పడి, పూలగుడ్డల గౌనులు వేసుకున్న ఆడవాళ్ళని పట్టుకుని ఒంటిమీద బట్టలే చింపేశారు. నేతవాళ్ళ ఆకలి నిజమే. అమ్మిన కంపెనీ భవనాల్లో భద్రంగా ఉంది, కొనుక్కుని కట్టుకున్న ఆడది వీధిలో అవమానపడింది. ఎవరి తగువైనా చివరికి ఎవరి చీర మీదికి వస్తుందో చూడండి.

మన రంగుల రహస్యం కోసం వాళ్ళు చాలా తంటాలు పడ్డారు. తెలుగు బాగా వచ్చిన కూర్‌దో అనే ఫ్రెంచి పాదిరి 1742లో పాండిచ్చేరి ప్రాంతంనుంచి ఓ పెద్ద ఉత్తరం రాశాడు. తమ మతంలో కలిసిన పనివాళ్ళని అడిగి తెలుసుకుని, కరక్కాయ పాలదగ్గర్నుంచి ఒక్కొక్క మెట్టూ వివరించాడు. ఉత్తరం రాసిన ఆయన పేరు చరిత్రలో నిలిచింది. నేర్పినవాళ్ళని మనం ‘అద్దకం పనివాళ్ళు’ అనే అంటాం.

ఆ పైన రసాయనం రంగులొచ్చాయి. 1856లో పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ళ ఇంగ్లీషు కుర్రాడు మలేరియా మందు చెయ్యబోతే ఊదారంగు వచ్చింది. 1868లో జర్మనీ శాస్త్రవేత్తలు వేరులోని ఎరుపుని ప్రయోగశాలలో తయారుచేశారు. 1897లో కృత్రిమ నీలిమందు బజారుకొచ్చింది. నాలుగు దశాబ్దాల్లో మన చిరివేరు, నీలి రెండూ మూలపడ్డాయి. కొంతమంది పట్టుదలవల్ల ఆ విద్య పూర్తిగా పోలేదు. కమలాదేవి చట్టోపాధ్యాయ పూనికతో 1950ల్లో శ్రీకాళహస్తిలో వ్రాతపనికి మళ్ళీ ప్రాణం పోశారు. మన హైదరాబాదులోనే సురయ్యా హసన్ బోస్‌గారు కలంకారీ, ఇకత్, హిమ్రూ గుడ్డల కోసం జీవితమంతా పాటుపడి, భర్తలు పోయిన ఆడవాళ్ళకి హిమ్రూ నేత నేర్పించి వాళ్ళ కాళ్ళమీద వాళ్ళని నిలబెట్టారు. 1928లో పుట్టిన ఆవిడ 2021లో కన్నుమూశారు.

చూశారా, గుడ్డకి వర్తకుల లెక్కలున్నాయి, చట్టాలున్నాయి, మ్యూజియాలున్నాయి. ఆ గుడ్డ ఇంటికొచ్చి, కట్టీ కట్టీ మెత్తబడి, చివరికి ఓ ఆడదాని చేతిలో బొంతగా మారిన తరవాత మాత్రం ఎక్కడా లెక్క లేదు. కొన్నది ఎవరో రాశారు, అమ్మింది ఎవరో రాశారు. కుట్టింది రాయలేదు.

మన దగ్గరే కాదు, అంతటా ఇంతే. ఇంగ్లండులో తేదీ వేసి ఉన్న అతుకుల దుప్పట్లలో చాలా పాతది ఒకటి ఉంది. పట్టుముక్కలతో కుట్టినది. దానిమీద 1718 అని సంవత్సరం, ‘ఇ. హెచ్.’ అని రెండక్షరాలు ఉన్నాయి. అంతే. మూడు వందల ఏళ్ళనుంచీ ఆ ఇ. హెచ్. ఎవరో ఎవరికీ తెలీదు. అయినా ఆ రెండక్షరాలూ చూడగానే ఓ మనిషి ఉందనిపిస్తుంది. బెంగాలులో ఆడవాళ్ళు పాతచీరల అంచుల్లోంచి రంగుదారాలు లాగి, వాటితోనే కంథల మీద ఏనుగుల్నీ పల్లకీల్నీ కుట్టేవాళ్ళు. గురుసదయ్ దత్ అనే అధికారి ఊరూరా తిరిగి అలాంటివి సేకరించాడు. వాటిలో మానదాసుందరి అనే ఆవిడ తండ్రికోసం కుట్టి, సూదితోనే తన పేరు రాసుకున్న కంథ ఒకటుంది. ఆ ఒక్క పేరూ ఉండబట్టే ఇవాళ ఆవిణ్ణి మనం తలుచుకుంటున్నాం.

అమెరికాలో ఆలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే చిన్న పల్లె ఉంది. ఒకప్పుడు పత్తి తోటలో బానిసలుగా ఉన్నవాళ్ళ సంతతివాళ్ళు అక్కడి నల్లజాతి స్త్రీలు. మొగుడు పొలంలో వేసుకుని చింపిన పంట్లాలతో, మోకాలి దగ్గర వెలిసిపోయిన నీలంతో చలికి బొంతలు కుట్టుకున్నారు. 2002లో హ్యూస్టన్‌లోని పెద్ద మ్యూజియం ఆ బొంతల్ని గోడలకి తగిలించి, కుట్టినావిడ పేరు పక్కన రాసి చూపించింది. చూసినవాళ్ళు ఇవి గొప్ప చిత్రకారుల బొమ్మలకి తీసిపోవన్నారు. 2006లో వాటి బొమ్మలతో అమెరికా ప్రభుత్వం తపాలా బిళ్ళలు వేసింది. వాళ్ళేదో కొత్తగా నేర్చుకుని చెయ్యలేదు. మన అమ్మమ్మలు చేసిన పనే చేశారు. పేరు రాయడం ఒక్కటే తేడా.

ఇవన్నీ చదివాక మేం ఊరుకోలేకపోయాం. వదినగారు, టీచరుగారు, మా ఎదురువీధిలో బొమ్మలు బాగా వేసే బ్యాంకు ఉద్యోగం అమ్మాయి, నేను. నలుగురం కలిసి ఓ బొంత కుడదామనుకున్నాం. ఆదివారాలు మా డాబా మీద పని. ‘దీన్ని ఆర్ట్ క్విల్ట్ అంటారు పిన్నిగారూ, గోడకి తగిలిస్తారు’ అంది ఆ అమ్మాయి. ‘కప్పుకోని బొంతేమిటే!’ అన్నారు వదినగారు. ఆ తగువు చివరిదాకా తెగలేదు.

వదినగారి తండ్రిగారి పంచెలకి రంగులద్దాం. చేతికి రంగంటుకోవడం మనకి కొత్తా? బతుకమ్మకి గునుగుపూలకి రంగులు అద్దుతూనే ఉన్నాం కదా. కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి దగ్గర వాడిపోయి మిగిలిన బంతిపూలు, రోజూ పారేసే ఉల్లిపొట్టు, దానిమ్మ తొక్కలు పోగుచేశాం. కరక్కాయ పొడి, మంజిష్ఠ, పటిక బజార్లో దొరికాయి. మీరూ చెయ్యదలిస్తే లెక్క చెప్తాను, రాసుకోండి. 100 గ్రాముల నూలుగుడ్డని ముందు సబ్బు, చాకలిసోడాతో ఉడికించి గంజి పోగొట్టాలి. 20 గ్రాముల కరక్కాయ పొడి నీళ్ళలో రాత్రంతా నానవేసి, పిండి ఆరెయ్యాలి. తరవాత 15 గ్రాముల పటిక వేడినీళ్ళలో కరిగించి అందులో ఓ పూట ఉంచాలి. అప్పుడు రంగు కషాయంలో సన్నసెగ మీద గంటసేపు. బంతిపూలకి మంచి పసుపుపచ్చ, మంజిష్ఠకి ఇటుక ఎరుపు, దానిమ్మ తొక్కకి ఆవాలపచ్చ వస్తాయి. అదే గుడ్డని తుప్పునీళ్ళలో ఒక్క ముంచు ముంచి తీస్తే మబ్బురంగు. ఈ గిన్నెలు మళ్ళీ వంటకి వాడకండి సుమా, వాటిని విడిగా పెట్టుకోండి.

మొదట్లో మేం చేసిన పొరపాట్లు కూడా చెప్పాలి. వంటింటి పసుపుతో అద్దిన ముక్క అందరికన్నా ముందు మెరిసింది. పదిరోజులు ఎండ తగిలేసరికి వెలవెలబోయింది. పసుపుది ఒంటికి మంచి రంగే, గుడ్డకి నిలకడ లేని రంగు. నీలిగుడ్డని సరిగ్గా ఉతక్కుండానే కుడితే పక్క ముక్కకి నీలం దిగింది. కుంకుడు రసంతో ఉతికి, నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించాకే సూది పట్టాలని అప్పుడు తెలిసింది. అన్నట్టు, నీలి తొట్టి పాడైతే ఊళ్ళో ఓ కట్టుకథ పుట్టిస్తే మళ్ళీ కుదురుతుందని ఉత్తరాదిన రంగులవాళ్ళకి ఓ నమ్మకం ఉండేదట. మన ‘నీలివార్తలు’ అనే మాట వింటే నాకదే గుర్తొస్తుంది. మా తొట్టి రెండుసార్లు పాడైంది. డాబా మీద కబుర్లకి మాకు లోటు లేదు గనక మూడోసారి కుదిరింది!

బొంత నమూనా దగ్గర మాలో మాకు పెద్ద చర్చే జరిగింది. అమ్మాయి మూసీ, బండరాళ్ళు బొమ్మగా కుడదామంది. వదినగారు చదరాలే బాగుంటాయన్నారు. టీచరుగారు మగధ పొలాలు గుర్తుచేశారు. చివరికి పసుపు, ఆకుపచ్చ, ఇటుక రంగుల మళ్ళు వేసి, మధ్యలోంచి నీలం ముక్కలతో మూసీని పారించాం. మా చంపాపేట కూడా కాలనీలు రాకముందు పొలాలే కదా.

అంతా బాగానే ఉంది. మధ్యమధ్యన వదినగారి అమ్మగారి చీరల ముక్కలు పడాలి. చీర పరిచాం, కత్తెర ఇచ్చాం. ఆవిడ చెయ్యి ఆడలేదు. చీర అంచు పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. పోనీ వద్దులెండి అన్నాను. టీచరుగారు మాత్రం నన్ను ఊరుకోమని సైగ చేశారు. కాసేపయ్యాక వదినగారే కత్తెర పక్కన పెట్టేసి, ‘మా అమ్మ ఎప్పుడూ పాతచీరకి కత్తెర పెట్టలేదు’ అంటూ అంచు దగ్గర పంటితో గాటు పెట్టి, పోగు వెంట ఒక్క లాగు లాగారు. చీర నిలువునా తిన్నగా చిరిగింది. ఆ చప్పుడు మాకందరికీ తెలిసిన చప్పుడే. పొత్తిళ్ళ గుడ్డలకీ, మసిగుడ్డలకీ, తడిబట్టకీ అమ్మలందరూ చేసిన చప్పుడు. ఆ తరవాత ఆవిడ ఆగలేదు.

నాలుగు నెలలకి బొంత పూర్తయింది. అప్పుడు నేను పేర్లు కుడదామన్నాను. ‘మా పేర్లెందుకండీ, ఇదేమన్నా గిన్నె మీద కొట్టించుకోవడమా?’ అన్నారు వదినగారు నవ్వుతూ. నిజమే చూడండి. బజార్లో కొన్న స్టీలు గిన్నె మీద మనం పేరు కొట్టిస్తాం. ఎక్కువసార్లు ఇంటాయన పేరు, కాకపోతే పెళ్ళిలో చదివించినవాళ్ళ పేరు. మన చేత్తో నాలుగు నెలలు కుట్టినదాని మీద పేరు వేసుకోవడానికి మాత్రం సిగ్గుపడతాం. ఆ మాట అంటే ఆవిడ కాసేపు ఊరుకుని, సూదిలో ఎర్రదారం ఎక్కించారు.

ఇప్పుడా బొంత వెనక మా నలుగురి పేర్లు, ఊరు, సంవత్సరం, వాడిన రంగులు అన్నీ ఉన్నాయి. చీరలు ఎవరివో, పంచెలు ఎవరివో అదీ ఉంది. ఆ పాత బొంతని విప్పకుండా చిరిగిన మూల మాత్రం బాగుచేసి, దాని వెనక ఓ చిన్న తెల్లగుడ్డ ముక్క వేసి ఇలా కుట్టాం: ‘కుట్టినవారి పేరు తెలియదు. అమ్మమ్మగారి ఇంటిది. లోపల ఇంకొక బొంత ఉన్నది.’ తెలియదని రాయడం కూడా చరిత్రేనన్నారు టీచరుగారు.

కొత్త బొంత గోడకా, మంచానికా అన్న తగువు వదినగారి మనవరాలు తీర్చేసింది. పురిటికి వచ్చిన కూతురి పక్కలో ఆ నెలల పిల్ల ఇప్పుడు మూసీ మీద పడుకుని నిద్రపోతోంది.

మీ ఇంట్లోనూ అటక మీదో, పరుపు కిందో ఓ పాత బొంత ఉండే ఉంటుంది. ఇవాళ సాయంత్రం దాన్ని దించి ఎండలో వెయ్యండి. ఏ ముక్క ఎవరి చీరో మీ అమ్మగారినో అత్తగారినో అడగండి. చెప్పేవాళ్ళు ఉండగానే అడగండి. చెప్పిన పేరు ఓ మూల సూదితో కుట్టండి. తరవాత, సిగ్గుపడకుండా, దాని కింద మీ పేరు కూడా.